గాజుపెట్టెలోని పసికందుకు ఫిజియోథెరపీనా?

ఫిజియోథెరపీ అనగానే మనకు గుర్తొచ్చేది ఏమిటి? మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని అత్తగారు, స్కూటరు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న మరిది, పక్షవాతం వచ్చి మంచానపడ్డ పెద్దాయన. మన ధర్మవరంలోనైతే రోజంతా గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని వంగి కూర్చునే నేతవాళ్ళ నడుము నొప్పి. మన అమ్మల కాలంలో అయితే పోలియో. 1950లలో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చదువు మొదలుపెట్టడానికి పోలియో కూడా ఒక కారణం. 2011 జనవరి తర్వాత మన దేశంలో అడవి పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించారు కూడా. కానీ కాళ్ళూ చేతులూ సరిగా కదలని పిల్లలు మన మధ్య లేకుండా పోలేదు. వాళ్ళలో కొందరి కథ మొదలయ్యేది పుట్టిన మొదటి రోజుల్లోనే, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో, అందరూ 'గాజుపెట్టె' అనే ఇంక్యుబేటర్‌లో.

అందుకే ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఆ గదిలోకి ఫిజియోథెరపిస్టులు కూడా వస్తున్నారు. కిలో బరువు లేని బిడ్డ, వేలెడంత చెయ్యి, ముక్కులో గొట్టం, పాదానికి వైరు. ఆ బిడ్డ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తారా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. చేయించరు. మరి ఏం చేస్తారు? అది తెలుసుకోవడం మనలాంటి ఆడవాళ్ళకు చాలా అవసరం. ఎందుకంటే ఆవిడ ఆసుపత్రిలో మొదలుపెట్టిన పనిని ఇంటికి తెచ్చి పూర్తిచేయాల్సింది మనమే.

ఏడోనెల బిడ్డ, ఎనిమిదోనెల బిడ్డ

గర్భంలో 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద అలాంటి పిల్లలు సుమారు కోటీ ముప్ఫై నాలుగు లక్షల మంది పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ముప్ఫై లక్షల మంది దాకా మన దేశంలోనే. అంటే ఇది ఎక్కడో ఎవరికో జరిగే సంగతి కాదు. మన వీధిలో, మన ఇంట్లో జరిగేదే.

'ఏడోనెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదోనెల బిడ్డ బతకదు' అనే మాట ఇప్పటికీ మన పెద్దవాళ్ళ నోట వినిపిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ ఏడోనెల బిడ్డకన్నా బలంగానే ఉంటుంది. 'ఎట్లాగూ దక్కదు' అని ఆ బిడ్డ విషయంలో ఆశ వదిలేసుకోవడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

2011 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం కాన్పు చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ పుట్టిన బిడ్డను కాపాడే ఏర్పాటు ఒకటి ఉండాలి. జిల్లా స్థాయిలో 'ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రం' ఉండాలి. డాక్టర్లు దీన్నే ఎస్.ఎన్.సి.యు. అంటారు. ధర్మవరంలో కాన్పయిన బిడ్డ మరీ చిన్నగా ఉంటే అనంతపురం సర్వజన ఆసుపత్రికో, పక్కనే ఉన్న బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రికో పరుగెత్తడం మనకు తెలిసిందే. పెనుకొండ, హిందూపురం వైపు వాళ్ళయితే హిందూపురానికో, చేతిలో నాలుగు డబ్బులుంటే బెంగళూరుకో పోతారు. ఆ పరుగులో మన ప్రార్థన ఒక్కటే: బిడ్డ బతికితే చాలు. ఆ గదిలోని డాక్టర్లూ నర్సులూ ముందు చూసేదీ ప్రాణమే. ప్రాణం నిలబడ్డాక ఆ బిడ్డ ఎలా బతుకుతుంది అన్న ప్రశ్న వస్తుంది. ఫిజియోథెరపిస్టు పని అక్కడే.

పడుకోబెట్టడం కూడా వైద్యమే

కడుపులో బిడ్డ ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మోకాళ్ళు కడుపుకు ఆనించుకుని, చేతులు నోటి దగ్గరకు తెచ్చుకుని, గడ్డం గుండెకు వంచి ముడుచుకుని ఉంటుంది. చుట్టూ ఉమ్మనీరు, మెత్తటి గోడ. కాలు చాచితే గోడ తగులుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఆఖరి నెలల్లో జాగా చాలక ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ చేతులు లాగి వదిలితే స్ప్రింగులా మళ్ళీ ముడుచుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ బిగువు ఆ ఆఖరి నెలల్లో వచ్చిందే.

ఏడోనెలలో పుట్టిన బిడ్డకు ఆ నెలలు దక్కలేదు. కండలో బిగువు లేదు. పరుపు మీద వెల్లకిలా పడుకోబెడితే చేతులు రెండు పక్కలకూ, కాళ్ళు కప్పకాళ్ళలాగా పడిపోతాయి. తల ఒకవైపుకే వాలుతుంది. లేపి మళ్ళీ దగ్గరకు తెచ్చుకునే బలం ఉండదు. వారాల తరబడి అలాగే ఉంటే భుజాలు వెనక్కు, తుంటి పక్కకు అలవాటుపడిపోతాయి. తల పక్కలు అణిగిపోతాయి. రేపు చేతులు ముందుకు తెచ్చుకుని ఆడుకోవడానికీ, బోర్లా పడడానికీ అదే అడ్డమవుతుంది.

ఫిజియోథెరపిస్టు ఇక్కడ చేసే పని చూడడానికి చాలా చిన్నది. మెత్తటి గుడ్డను చుట్టలా చుట్టి బిడ్డ చుట్టూ పిచ్చుక గూడులాగా అమరుస్తారు. కాళ్ళకు ఆనుకోను ఒక గోడ దొరుకుతుంది. చేతులు నోటి దగ్గరకు వస్తాయి. కొన్ని గంటలకోసారి పక్కకు, బోర్లా, వెల్లకిలా మారుస్తారు. బోర్లా పడుకోబెడితే కొందరు పిల్లలకు ఊపిరి తేలికగా అందుతుంది. చేతికి దెబ్బ తగిలి పుట్టిన బిడ్డకూ, పాదం వంకరగా ఉన్న బిడ్డకూ వైద్యం ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఎముకల డాక్టరుతో కలిసి చూసుకుంటారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బోర్లా పడుకోబెట్టడం ఆసుపత్రిలో, గుండెనీ ఊపిరినీ కనిపెట్టి ఉండే మిషన్ల నడుమ మాత్రమే. ఇంటికొచ్చాక నిద్రపుచ్చేటప్పుడు బిడ్డ వెల్లకిలానే ఉండాలి. తలగడ వద్దు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మనం ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేస్తే మెడ గట్టిపడుతుంది.

చెయ్యి వేయకుండా ఉండడమూ విద్యే

వెనకటికి వెంటిలేటర్ మీద ఉన్న పసిపిల్లల ఛాతీ మీద వేళ్ళతోనో చిన్న కప్పుతోనో తట్టి కఫం కదిలించడం చాలా దేశాల్లో మామూలుగా చేసేవారు. మంచికేనని చేసేవారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1992, 1994 మధ్య, 24 నుంచి 27 వారాలకే పుట్టిన పిల్లల్లో 13 మందికి మెదడులో ఒక కొత్తరకం దెబ్బ కనిపించింది. ఎందుకా అని డాక్టర్లు వెనక్కు వెళ్ళి చూస్తే, మిగతా పిల్లలకన్నా వాళ్ళకు ఛాతీ మీద తట్టడం చాలా ఎక్కువసార్లు జరిగినట్టు తేలింది. ఆ పద్ధతి ఆపేశాక అలాంటి కేసులు మళ్ళీ రాలేదు. ఆ డాక్టర్లు దీన్ని దాచిపెట్టకుండా 1998లో వైద్య పత్రికలో రాశారు. దాంతో ప్రపంచం జాగ్రత్తపడింది.

ఈ సంగతి భయపెట్టడానికి చెప్పడం లేదు. నవజాత శిశువుల గదిలో పనిచేసే ఫిజియోథెరపిస్టుకు ప్రత్యేక శిక్షణ ఎందుకు కావాలో ఇది చెబుతుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళకు వైద్యం చేసిన చేతులు నేరుగా వచ్చి ఈ బిడ్డను ముట్టుకోకూడదు. ఇక్కడ మొదటి పాఠం చూడడం. బిడ్డ రంగు మారుతోందా? వేళ్ళు విడదీసి చెయ్యి అడ్డం పెడుతోందా? ఎక్కిళ్ళు, ఆవలింతలు, తుమ్ములు వరసగా వస్తున్నాయా? గుండె వేగం తగ్గుతోందా? ఇవన్నీ 'చాలు, నన్ను వదిలెయ్' అని బిడ్డ చెప్పే మాటలు. అప్పుడు చేతులు తీసేయాలి. తీసేయడమంటే ఒక్కసారిగా కాదు. ఒక చెయ్యి తలమీద, ఒక చెయ్యి పాదాల కింద ఆనించి, బిడ్డ కుదుటపడేదాకా కదపకుండా ఉంచి, ఆ తర్వాత మెల్లగా.

నర్సమ్మ సూది వేసేటప్పుడు కూడా పక్కన ఇంకొకరు ఇలా ఆనించి పట్టుకుంటే బిడ్డకు బాధ తక్కువగా ఉంటుంది. ఆ ఇంకొకరు ఎవరో కాదు, తల్లి కావచ్చు.

చీకడం నేర్చుకోవాలి

మామూలుగా పుట్టిన బిడ్డ రొమ్ము అందుకోగానే చీకుతుంది. మనకు అదేమంత గొప్పగా అనిపించదు. కానీ చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒక వరసలో జరగాలి. ఆ వరస సుమారు 34 వారాలు వచ్చేదాకా కుదరదు. అందుకే అంతకుముందు పుట్టిన బిడ్డకు గొట్టం ద్వారా పాలు పోస్తారు. 'నా బిడ్డ పాలు తాగడంలేదు' అని తల్లి ఏడవడం, 'దీనికి పాలే సరిగా లేవు' అని అత్తగారు అనడం, ఆ వరండాలో కూర్చున్న వాళ్ళెవరైనా విన్న మాటలే. తప్పు తల్లిదీ కాదు, పాలదీ కాదు. బిడ్డకు ఇంకా వేళ కాలేదంతే.

గొట్టంతో పాలు పోస్తున్నప్పుడే, పాలు పిండేసిన రొమ్మును బిడ్డ నోటికి అందిస్తారు. ఊరికే చీకుతూ ఉంటుంది. పెదాల చుట్టూ, బుగ్గల మీద మెల్లగా వేలితో తాకి నోటిని సిద్ధం చేయడం కూడా ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో ఈ పని ఫిజియోథెరపిస్టు చేస్తారు, కొన్నిచోట్ల స్పీచ్ థెరపిస్టో, తర్ఫీదు పొందిన నర్సో చేస్తారు. ఎవరు చేసినా తల్లికి నేర్పించి చేయడమే సరైన పద్ధతి.

తల్లి గుండెను మించిన పెట్టె లేదు

1978లో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సి వచ్చేది. ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు, బిడ్డల్ని తల్లుల గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా కట్టి పంపడం మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టుగా ఉంటుంది కనుక దానికి 'కంగారూ మదర్ కేర్' అని పేరొచ్చింది. మొదట పేదవాళ్ళ వైద్యం అనుకున్నారు. ఆ తర్వాత డబ్బున్న దేశాలూ పట్టుకున్నాయి.

దీనిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో పెద్ద పరిశోధన చేయించింది. ఇండియాలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల దాకా ఉన్న పిల్లల్ని, కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండె మీద పెడితే, 28 రోజుల్లోపు చనిపోయేవాళ్ళు నూటికి సుమారు 16 నుంచి 12కు తగ్గారు. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తక్కువ బరువు పిల్లలకు రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది, ఇలా పెట్టుకోమని చెప్పింది.

ఫిజియోథెరపిస్టు కళ్ళకు ఇదీ ఒక పడకే. కప్పకాళ్ళుగా పడి ఉండే బిడ్డ తల్లి గుండెకు అతుక్కుని కాళ్ళు ముడుచుకుంటుంది. చేతులు ముందుకొస్తాయి. తల్లి ఊపిరితో పాటు బిడ్డ కూడా కదులుతుంది. తల ఒక పక్కకు, గడ్డం కాస్త పైకి, ముక్కు మూసుకుపోకుండా ఎలా కట్టుకోవాలో దగ్గరుండి చూపిస్తారు. తల్లికి ఒళ్ళు బాగాలేకపోతే నాన్న చేయొచ్చు, అమ్మమ్మ చేయొచ్చు. మెత్తటి పాత నూలు చీర ఏ ఇంట్లో లేదు? ఊరంతా పట్టుచీరలు నేసే మన ధర్మవరంలో ఈ బిడ్డకు కావాల్సింది మాత్రం ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ నూలు చీరే!

అవ్వ చేతిలో నూనెగిన్నె

ఇక అసలు తగాదా దగ్గరకు వద్దాం. కోడలూ బిడ్డా ఇంటికి రాగానే నూనె, నలుగు, సాంబ్రాణి సిద్ధం. మా బంధువుల్లో ఒక ఇంటి బాలింతతో ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు విన్న మాటలివి. ఆ పిల్ల వాళ్ళ అవ్వకు డెబ్భై దాటాయి. ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయికి పాతిక ఉంటాయేమో.

"ఏమ్మా, బిడ్డకు నీళ్ళు పోయొద్దంటివంట? ముగ్గురు బిడ్డల్నీ, ఏడుమంది మనవళ్ళనీ ఈ కాళ్ళ మీదనే పండుకోబెట్టి నీళ్ళు పోసినాను. ఎవురికేమయింది?"

"పోయొద్దనలేదవ్వా. ఇప్పుడొద్దంటాండా. ఆ ఏడుమందిలో కిలోన్నర బిడ్డ ఎవరన్నా ఉండిరా?"

అవ్వ ఆలోచించింది. "అంత చిన్న బిడ్డ దక్కేదా ఆ కాలంలో!" అంది.

"అదేనవ్వా. ఈ బిడ్డ దక్కింది కదా. ఇంకా కడుపులో ఉండాల్సిన బిడ్డ అనుకో. కడుపులో ఉన్న బిడ్డకు నలుగు పెడతామా? బరువు పెరగనీ. అప్పుడు నూనె నువ్వే పెడుదువు, ఎట్ల పెట్టాలో నేను చూపిస్తా."

అవ్వ కొంగు బిగించుకుని, "నాకు నువ్వు చూపించేదేముంది గానీ, చూపించు చూద్దాం" అంది. నాకు నవ్వొచ్చింది కానీ, ఆ అమ్మాయి తెలివికి ముచ్చటేసింది. అవ్వను శత్రువు చేసుకోలేదు. తనతో కలుపుకుంది.

నిజానికి ఒళ్ళు పట్టడం మన ఆడవాళ్ళ విద్యే. ఫ్రాన్స్ డాక్టరు ఫ్రెడెరిక్ లెబోయె కలకత్తాలో శాంతల అనే తల్లి తన బిడ్డకు నూనె రాయడం చూసి మురిసిపోయి, 1976లో పుస్తకం రాసి ఐరోపాకు చెప్పారు. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యం కుదుటపడ్డ నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున పది రోజులు మెల్లగా ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ కదిలిస్తే, అలా చేయని పిల్లల కన్నా రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని చూపించారు. కాబట్టి మన పెద్దవాళ్ళ చేతిలో మంచి ఉంది. దానికి వేళ, తీరు మాత్రం చూసుకోవాలి.

ఏది ఉంచుకోవాలి? డాక్టరు సరేనన్నాక, గోరువెచ్చటి గదిలో, అరచేత్తో మెల్లగా, బిడ్డ కళ్ళల్లోకి చూస్తూ, మాట్లాడుతూ, పాట పాడుతూ నూనె రాయడం. మెడ నిలబడ్డ తర్వాత కాళ్ళు రెండు పక్కలకూ వేసి చంకన ఎత్తుకోవడం తుంటి కీలుకు ఎంతో మంచిది.

ఏది మానుకోవాలి? ముక్కులో, చెవుల్లో నూనె పోయడం. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం. తల గుండ్రంగా రావాలని, ముక్కు సూదిగా రావాలని నొక్కడం. కాళ్ళు వంకర పోతాయని నిటారుగా లాగి బిగించి చుట్టడం. సాంబ్రాణి పొగ. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులకు ఆ పొగ విషమే. నడక త్వరగా వస్తుందని కొనే చక్రాల వాకర్ కూడా వద్దు. దెబ్బలే తప్ప నడక రాదని కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాకే

'బిడ్డ రెండు కిలోలయింది, తీసుకుపోండి' అని డాక్టరు చెప్పిన రోజు పండగే. కానీ ఆ కాగితం మీద 'ఫలానా తారీఖున మళ్ళీ రావాలి' అని రాసిన మాట చాలామంది చూడరు. చూసినా వెళ్ళరు. బిడ్డ చక్కగా పాలు తాగుతోంది, నవ్వుతోంది, ఇంకెందుకు? అదీగాక ఒక రోజు వెళ్ళాలంటే ఆ రోజు మగ్గం ఆగాలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. బస్సు ఛార్జీలు, ఆసుపత్రిలో పడిగాపులు. ఆ కష్టం మాటల్లో చెప్పినంత చిన్నది కాదు.

అయినా వెళ్ళాలి. ఎందుకో చెబుతాను. సెరిబ్రల్ పాల్సీ అనే మాట వినే ఉంటారు. ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బవల్ల కండరాలు బిగుసుకుపోవడమో, అదుపు తప్పడమో జరుగుతుంది. బాగా ముందుగా పుట్టిన పిల్లలకూ, పుట్టగానే ఏడవని పిల్లలకూ ఈ ప్రమాదం ఎక్కువ. ఇదివరకు ఏడాది, రెండేళ్ళు వచ్చేదాకా ఆగి, 'నడవడంలేదే' అనుకున్నాక కనిపెట్టేవారు. ఇప్పుడు అంత ఆగనక్కర్లేదు.

ఆస్ట్రియాలో పనిచేసిన హైన్జ్ ప్రెక్టల్ అనే డాక్టరు పసిపిల్లల కదలికలను ఏళ్ళ తరబడి వీడియోల్లో చూశారు. నెలలు నిండే తారీఖు దాటాక మూడు నుంచి అయిదు నెలల మధ్య, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మెలకువగా వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు మెడ, భుజాలు, మణికట్లు, తుంటి, మడమలు అన్నివైపులా చిన్నచిన్నగా, ఆగకుండా కదులుతుంటాయి. నాట్యంలా ఉంటుంది. ఆ కదలికలు అసలే లేకపోతే సెరిబ్రల్ పాల్సీ రావచ్చని గట్టిగా అనుమానించాలని 1997లో ఆయన బృందం చూపించింది. అంటే బిడ్డను ముట్టుకోకుండా, సూది గుచ్చకుండా, కొద్ది నిమిషాలు చూసి చెప్పే పరీక్ష! తర్ఫీదు పొందిన ఫిజియోథెరపిస్టులు దీన్ని చేస్తున్నారు. ఈ పరీక్ష, నరాల పరీక్ష, మెదడు స్కానింగ్ కలిపి అయిదారు నెలల లోపే ప్రమాదం పసిగట్టి, వెంటనే శిక్షణ మొదలుపెట్టాలని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది.

తొందర దేనికంటే, ఆ నెలల్లో మెదడు పచ్చిమట్టి లాంటిది. ఒకచోట దారి మూసుకుపోతే ఇంకోచోట దారి వెతుక్కుంటుంది. దెబ్బ మాయమైపోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ ముందే మొదలుపెడితే చెయ్యి పని నేర్చుకుంటుంది, కీళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయి, బిడ్డ తన పని తాను చేసుకునేదాకా రావచ్చు. నేతవాళ్ళను అడగండి, పోగు తెగితే ఏం చేస్తారని. మగ్గం ఆపి అప్పుడే ముడి వేస్తారు. మూర నేశాక ముడి వేద్దామంటే కుదరదు.

వయసు లెక్క ఎలా?

ఇక్కడ తల్లులు తికమకపడే సంగతి ఒకటుంది. ఎనిమిది వారాలు ముందు పుట్టిన బిడ్డ వయసులోంచి రెండు నెలలు తీసేసి లెక్కవేయాలి. అంటే ఆరు నెలల బిడ్డ చేష్టలు నాలుగు నెలల బిడ్డలాగా ఉంటాయి. పక్కింటి బిడ్డతో పోల్చి దిగులుపడకండి. రెండేళ్ళ దాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు. అవి పుట్టిన తారీఖు ప్రకారమే వేయించాలి.

ఈ లెక్క వేసుకున్న తర్వాత కూడా నాలుగు నెలలకు మెడ నిలబెట్టకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా చూపించాలి. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి ఎప్పుడూ బిగించే ఉన్నా, కాళ్ళు కత్తెరలాగా ఒకదానిమీద ఒకటి పడుతున్నా, ఏడాది నిండకముందే ఒక చెయ్యే వాడుతూ రెండోదాన్ని వదిలేసినా చూపించాలి. ఒళ్ళు గుడ్డబొమ్మలా మెత్తగా వేలాడినా, కర్రలా బిగుసుకున్నా ఆగకూడదు. 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే నడకొచ్చింది' అనే మాటతో నెలలు గడపవద్దు.

నెలలు నిండని బిడ్డకు కళ్ళ పరీక్ష కూడా పుట్టిన 30 రోజుల లోపు జరగాలి. మరీ చిన్నబిడ్డకు రెండు మూడు వారాల్లోనే. కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. వేళకు చూస్తే కాపాడవచ్చు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1997 నుంచే పసిపిల్లల వార్డులకు వెళ్ళి ఈ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. చెవుల పరీక్ష కూడా మరవకండి.

ఎవరిని అడగాలి?

ప్రభుత్వ నవజాత శిశు కేంద్రాల్లో ప్రధానంగా ఉండేది డాక్టర్లూ నర్సులే. అన్నిచోట్లా ఫిజియోథెరపిస్టు ఆ గదిలోకి రారు. కానీ 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాకొక 'సత్వర చికిత్సా కేంద్రం' పెట్టాలన్నది ఏర్పాటు. దీన్నే డి.ఇ.ఐ.సి. అంటారు. అందులో పిల్లల డాక్టరుతో పాటు ఫిజియోథెరపిస్టు, మాట, వినికిడి నిపుణులు, కళ్ళు చూసేవాళ్ళు ఉండాలి. వైద్యం ఉచితం. బిడ్డను డిశ్చార్జి చేసేటప్పుడే 'ఫిజియోథెరపిస్టు చూశారా? డి.ఇ.ఐ.సి.లో ఎప్పుడు చూపించాలి?' అని అడగండి. అడగడం మన హక్కు. కాన్పు ఆసుపత్రిలో అయినా, ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. తక్కువ బరువు బిడ్డలను ఆ తర్వాత కూడా చూడాలి. రాకపోతే కబురు పెట్టండి.

ఇంట్లో ఇంకో గాయం కూడా ఉంటుంది. అది తల్లిది. 'కడుపుతో ఉన్నప్పుడు ఏం బరువులు మోశావో', 'గ్రహణం పూట ఏం చేశావో' అనే మాటలు ఆమెను లోపల్లోపల తినేస్తాయి. నెలలు నిండక ముందే కాన్పు ఎందుకయిందో డాక్టర్లకే చాలాసార్లు తెలియదు. తల్లి మీద నింద వేస్తే బిడ్డకు ఒక్క గ్రాము బరువు కూడా పెరగదు. నింద మాని, ఆమె ఆసుపత్రికి వెళ్ళే రోజు ఇంటిపని ఎవరు చేస్తారో, బస్టాండు దాకా ఎవరు తోడు వెళతారో మాట్లాడుకుంటే మేలు. బిడ్డకు రోజూ చేయించాల్సినవి నాన్నకూ నేర్పమని అడగండి. స్నానం చేయించేటప్పుడు, గుడ్డలు మార్చేటప్పుడు, ఆడించేటప్పుడు చేసే పనులే అవి. వేరే సమయం అక్కర్లేదు.

ఆసుపత్రి గాజుపెట్టె దగ్గర ఫిజియోథెరపిస్టు రోజుకు కొద్ది నిమిషాలే ఉంటుంది. తక్కిన కాలమంతా బిడ్డను తాకేవి అమ్మ, నాన్న, అవ్వ చేతులే. ఆవిడ చూపించింది శ్రద్ధగా చూసి నేర్చుకోండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా రెండోసారి చూపించమనండి. రమ్మన్న తారీఖును క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. బిడ్డ నవ్వుతూ ఆడుతూ ఉన్నా సరే, ఆ రోజు తీసుకెళ్ళండి.